కుమ్మరి వృత్తిపదాలు – సిరామిక్స్ పరిభాష: ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రస్తావన:
వృత్తిపదంలో వస్తువు పేరుతోపాటు పని జరిగే క్రమం కూడా ఇమిడి ఉంటుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం (వ్యవసాయం) ఈ దృష్టికి తెలుగులో పునాది వేసింది. సిరామిక్స్ పరిభాషను తెలుగు చేసేటప్పుడూ ఈ దృష్టే ప్రమాణం కావాలి.

ఉన్న పదాలు:
సారె మీద కుండ చేయడాన్ని ఇంగ్లీషులో ‘త్రో’ అంటారు. ‘విసరడం’ అని అనువదిస్తే అర్థం చెడుతుంది. ‘చక్రంపై రూపొందించడం’ అంటే వివరణ అవుతుందే గాని పదం కాదు. తెలుగులో ఇందుకు ‘వాను’ అనే క్రియ ఉంది. తమిళ ‘వనై’ దీనికి సజాతీయం. నిఘంటువులలో మిగిలిన ఈ క్రియను తిరిగి వాడుకలోకి తేవచ్చు. ‘గ్రీన్‌వేర్’కు ‘పచ్చికుండ’ అన్నివిధాలా తగిన పదం.

సరిపోని సమానార్థకాలు:
‘కిల్న్’కు ‘ఆవము’ అని వ్రాయడం మాత్రం పునరాలోచించదగినది. ఆవములో కుండలనూ వంటచెరకునూ కలిపి పేర్చి, పైన గడ్డి, మట్టి కప్పుతారు. కిల్న్ స్థిరమైన కట్టడం. దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ దాటితే మట్టిలో రసాయనికంగా బంధితమైన నీరు పోయి, అది తిరిగి నానని పెంకు అవుతుంది. అందుకు ఆవము చాలు. 1200 డిగ్రీలు దాటవలసిన స్టోన్‌వేర్‌కు అది చాలదు. కాబట్టి కిల్న్‌కు ‘బట్టీ’ అనడమే ఉచితం.

వర్గీకరణలోని లోపం:
చేతితో చేసినవి, సారెపై చేసినవి అనే విభజన తెలుగునాట కడవకు పూర్తిగా అన్వయించదు. సారె మీద మందమైన గోడలతో వానిన కుండను కొంత ఆరనిచ్చి, లోపల రాయి ఆనించి, వెలుపల చెక్కతో తట్టి, అడుగు మూసి, గోడను పలుచన చేస్తారు. ఒకే పాత్రలో రెండు పద్ధతులూ కలుస్తాయి. ‘తట్టడం’ ఆరోపంగా మాత్రమే కనిపించే పట్టికలో ఈ నైపుణ్యానికి చోటుండదు. అట్లే ‘గ్లేజ్’ లేకపోవడాన్ని వెనుకబాటుగా చూపడమూ సరికాదు. గోడలోని సూక్ష్మరంధ్రాల గుండా నీరు ఊరి ఆవిరి కావడం వల్లనే కడవ నీటిని చల్లబరుస్తుంది. మెరుగు పూస్తే ఆ గుణం పోతుంది.

ముగింపు:
‘కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు’ అనే సామెత కుండకే కాక పదానికీ వర్తిస్తుంది. తరాలు మలచిన మాటను ఒక్క అనాలోచిత అనువాదం చెరపగలదు. పదాల ఎంపికకు ముందు పని క్రమాన్ని నమోదు చేయడం పరిభాషా నిర్మాతల ప్రాథమిక బాధ్యత.