తెరిచేదీ మూసేదీ ఒకే వాయువు

బాన్సువాడలో నడివేసవి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. కార్బన్ డయాక్సైడ్ సూపర్‌క్రిటికల్ స్థితికి చేరడానికి 31 డిగ్రీలు దాటితే చాలు. సగం పని మన ఎండే చేసిపెడుతుందన్నమాట. మిగతా సగం ఒత్తిడి. అది మనం పీల్చే గాలి ఒత్తిడికి దాదాపు 73 రెట్లు ఉండాలి. భూమిలో నీటి బరువుతోనే అంత ఒత్తిడి రావాలంటే సుమారు 750 మీటర్లు దిగాలి. 1869లో థామస్ ఆండ్రూస్ ఈ హద్దును కొలిచి చూపాడు. ఆ హద్దు దాటాక కార్బన్ డయాక్సైడ్ వాయువులా సందుల్లోకి చొరబడుతుంది, ద్రవంలా కరిగిస్తుంది.

ఈ గుణం పరీక్షకు నిలిచేది బొగ్గులో, కానీ బాన్సువాడ గడ్డ కింద బొగ్గు లేదు. బొగ్గంతా గోదావరి లోయలో ఉంది. ఇల్లెందు దగ్గర 1871లో విలియం కింగ్ దాన్ని గుర్తించాడు, 1889లో తవ్వకం మొదలైంది. మన బోరు మోటార్లకూ రైసు మిల్లులకూ వచ్చే కరెంటులో పెద్ద వాటా ఇప్పటికీ ఆ బొగ్గును కాల్చితే వచ్చేదే. ఆ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి, తవ్వడానికి గిట్టుబాటు కాని లోతు పొరల్లోకే మళ్లీ పంపితే ఎలా ఉంటుంది? వినడానికి బాగానే ఉంది. అది జరిగే పనేనా అన్నది బొగ్గు లోపలి రంధ్రాలు చెప్పాలి.

ఒక గ్రాము బొగ్గులోని రంధ్రాల గోడలన్నీ పరిస్తే వంద చదరపు మీటర్లు దాటవచ్చు. గోరంత ముక్కలో 120 గజాల ప్లాటు! కంటికి కనిపించే పగుళ్లు వాయువుకు దారులు. అది ఎక్కువగా నిలిచి ఉండేది మాత్రం 2 నానోమీటర్లకన్నా చిన్న రంధ్రాల్లో.

బొగ్గును చదివే విద్య మనకు కొత్త కాదు. బాయిలో పాత కార్మికులు కర్రతో పైకప్పును తట్టి, చప్పుడును బట్టి రాయి పట్టుగా ఉందో విడివడిందో చెప్పేవారు. ప్రయోగశాల ఆ పనిని వాయువులతో చేస్తుంది. ముందుగా బొగ్గు ముక్కను ఉక్కు పాత్రలో పెట్టి, సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్‌లో రోజుల తరబడి ఉంచుతారు. తరువాత ఒత్తిడిని మెల్లగా దించి, ముందూ వెనుకా కొలతలు పోలుస్తారు. మధ్యరకం రంధ్రాలకు మైనస్ 196 డిగ్రీల దగ్గర నైట్రోజన్ వాడతారు. అంత చలిలో నైట్రోజన్ అతి చిన్న రంధ్రాల్లోకి వెళ్లలేదు కనుక, వాటికి సున్నా డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడే కావాలి. పెద్దవాటిలోకి పాదరసాన్ని నెడతారు. ఒత్తిడి మరీ పెంచితే పాదరసం బొగ్గునే నొక్కేసి లెక్క తప్పిస్తుంది. చదరపు మీటర్ల లెక్క తేల్చడానికి బ్రునావర్, ఎమ్మెట్, టెల్లర్ 1938లో ఇచ్చిన సూత్రాన్నే ఇప్పటికీ వాడుతున్నారు.

ఇంతకీ లోపల ఏం జరుగుతుంది? బొగ్గులో ఇరుక్కున్న చిన్నచిన్న హైడ్రోకార్బన్లను సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ కరిగించి లాగేస్తుంది. దాంతో మూసుకుపోయిన రంధ్రాలు కొన్ని తెరుచుకుంటాయి. తేమ ఉంటే కార్బానిక్ ఆమ్లం తయారై పగుళ్లలోని సున్నపు ఖనిజాన్ని తినేస్తుంది. (కాఫీ గింజల నుంచి కెఫీన్‌ను ఇదే వాయువుతో లాగే పద్ధతి 1960లలో జర్మనీలోని ఒక బొగ్గు పరిశోధన సంస్థలోనే పుట్టింది.) మరోవైపు బొగ్గు తనలో సహజంగా ఉండే మీథేన్‌కన్నా కార్బన్ డయాక్సైడ్‌ను గట్టిగా పట్టుకుంటుంది, పట్టుకున్నకొద్దీ ఉబ్బుతుంది. ఉబ్బిన బొగ్గు ఎటూ జరగలేదు, చుట్టూ రాయి బిగించి ఉంటుంది. అందుకే తన పగుళ్లనే నొక్కుకుంటుంది. రంధ్రం తెరుచుకుంటుంది, దారి మూసుకుంటుంది. బొగ్గు బలమూ తగ్గుతుంది.

ఈ రెంటిలో ఏది గెలుస్తుందన్నది బొగ్గు రకాన్ని బట్టి, తేమను బట్టి, ఒత్తిడిని బట్టి మారుతుంది. అందుకే ఒక ప్రయోగంలో సూక్ష్మ రంధ్రాలు పెరిగాయని వస్తే, ఇంకొకదానిలో తగ్గాయని వస్తుంది. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒత్తిడి దించాక కొలిచే బొగ్గు కొంతవరకు మళ్లీ కుదించుకుంటుంది, కాబట్టి ఒత్తిడిలో ఉన్నప్పటి సంగతి ఆ కొలతకు పూర్తిగా అందదు. ఈ పద్ధతిలో నాకు కనిపించే పెద్ద లోటు ఇదే.

ప్రయోగశాల బయటి అనుభవమూ ఉబ్బు వైపే వేలు చూపింది. అమెరికాలోని శాన్ హువాన్ బేసిన్‌లో 1995 నుంచి 2001 వరకు బొగ్గు పొరలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించిన ప్రయోగంలో వాయువు లోపలికి వెళ్లే వేగం పడిపోయింది. జపాన్‌లో యుబారి దగ్గర 2004–2007 మధ్య అదే ఇబ్బంది వస్తే, నైట్రోజన్ ఎక్కించి దారిని కొంతకాలం తెరవగలిగారు. అందుకే ఈ రంధ్రాల విద్య విలువ మనకు ఆశలు పెంచడంలో లేదు, కోట్లు పోసి బోరు వేయకముందే వెనక్కి లాగగలగడంలో ఉంది.

పరాయి బొగ్గు లెక్కలు మనకు అరువుకు పనికిరావు. గోదావరి లోయ బొగ్గు పెర్మియన్ కాలపు గోండ్వానా బొగ్గు. బూడిద ఎక్కువ, పొరపొరకూ గుణం మారుతుంది. పైగా గాలి తగిలిన ముక్క ఆక్సీకరణ చెంది అసలు రంధ్రాలను చూపదు. ఈ బొగ్గును తవ్వే సింగరేణి సంస్థ లోతు బోర్లలో తీసే నమూనాల్లో కొన్నింటినైనా తీసిన వెంటనే గాలి చొరకుండా సీలు వేసి, కొత్తగూడెంలో మైనింగ్ చదివే పిల్లల చేతికి అందించాలి.