ఒకే అఖాతం, రెండు తుపాన్లు

2024లో ఫ్లోరిడా గల్ఫ్ తీరాన్ని రెండు వారాల తేడాతో రెండు పెద్ద హరికేన్లు కొట్టాయి. సెప్టెంబరు 26న హెలీన్, అక్టోబరు 9న మిల్టన్. హెలీన్ అక్కడి టాంపా నగరం వైపు రానేలేదు. 160 కిలోమీటర్లకు పైనే దూరంగా, సముద్రం మీదనుంచే ఉత్తరానికి సాగిపోయి, పెర్రీ అనే చిన్న పట్నం దగ్గర తీరం దాటింది. మిల్టన్ మాత్రం టాంపానే గురిపెట్టినట్టు వచ్చి, ఆ నగరానికి దక్షిణంగా 80 కిలోమీటర్ల లోపే, సియెస్టా కీ దగ్గర తీరమెక్కింది. ఈ రెండింటిలో టాంపా అఖాతం ఒడ్డు ఊళ్లను ముంచింది ఏదని మ్యాపు చూపించి అడిగితే ఎవరైనా మిల్టన్ పేరే చెబుతారు. ముంచింది హెలీన్. మిల్టన్ వచ్చిన రాత్రి ఆ అఖాతంలో ఉన్న నీళ్లు కూడా వెనక్కి పోయాయి.

ఇందులో వింతేమీ లేదు, పాఠ్యపుస్తకంలో ఉన్న సంగతే. భూమధ్యరేఖకు ఉత్తరాన తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతాయి. తుపాను నడిచే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే కుడిచేతి వైపు గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, ఎడమచేతి వైపు గాలి నేల మీదనుంచి సముద్రంలోకి వీస్తుంది. ఉత్తరానికి పోతున్న హెలీన్‌కు టాంపా కుడిపక్క. తూర్పు, ఈశాన్యాల మధ్యగా వస్తున్న మిల్టన్‌కు అదే టాంపా ఎడమపక్క. ఊరు కదల్లేదు, పక్క మారింది. 2017లో ఇర్మా హరికేన్ వచ్చినప్పుడు కూడా అక్కడ ఇలాగే నీళ్లు వెనక్కి పోయాయి. ఆ ప్రాంతంలో బురదలో చిక్కిన మానటీలనే నీటి జంతువులను జనం ఈడ్చుకెళ్లి లోతు నీళ్లలో వదలాల్సి వచ్చింది.

హెలీన్ రాత్రి టాంపాలో నిలకడ గాలి హరికేన్ స్థాయిని అందుకోలేదు. ఇంట్లో కూర్చున్నవాడికి అదొక గాలివాన రాత్రి, అంతే. నీరు మాత్రం సాధారణ పోటు మట్టానికి ఆరడుగులు దాటి ఎక్కింది. సెయింట్ పీటర్స్‌బర్గ్, క్లియర్‌వాటర్‌లలో కొలత పరికరాలు అంతకు ముందెప్పుడూ అంత ఎత్తు చూడలేదు. ఆ రెండు ఊళ్లూ ఉన్న పినెల్లాస్ కౌంటీలో పదిమందికి పైగా చనిపోయారు, అందులో ఇళ్లలోనే మునిగిపోయినవారున్నారు. ఉప్పెన హెచ్చరిక లేదా అంటే ఉంది. ముందే ఇచ్చారు, అడుగుల లెక్కతో సహా ఇచ్చారు. అంచనా తప్పలేదు. దాన్ని జనం చదివిన తీరే తప్పింది. అలా చదవడం నేర్పింది మాత్రం అంచనా వేసినవాళ్ల బొమ్మే అని నా అభియోగం.

ఆ బొమ్మ పేరు కోన్. మయామిలోని నేషనల్ హరికేన్ సెంటర్ ప్రతి తుపానుకూ గీసే తెల్లటి గరాటు. తుపాను కేంద్రం రాబోయే రోజుల్లో ఎక్కడ ఉండవచ్చో, గత ఐదేళ్ల అంచనాల పొరపాట్లను బట్టి అది చూపిస్తుంది. మూడింట రెండు వంతుల సార్లు కేంద్రం ఆ గరాటు లోపలే ఉంటుంది, మూడో వంతు సార్లు బయటికి పోతుంది. తుపాను పెద్దదైనా చిన్నదైనా ఆ ఏడాదంతా ఒక ప్రాంతానికి గరాటు వెడల్పు ఒకటే. హెలీన్ గాలుల మేర చాలా పెద్దది, కోన్‌కు ఆ సంగతి తెలియదు. కేంద్రం గురించి మాత్రమే చెప్పే బొమ్మను జనం ప్రమాదపు ఎల్లగా చదువుకున్నారు. ఎల్ల అవతల ఉన్నవాడు నిశ్చింతగా పడుకున్నాడు. టీవీలు గంటగంటకీ ఆ గరాటునే చూపిస్తుంటే వాణ్ణి తప్పుపట్టడం అన్యాయం.

తుపాను బలాన్ని చెప్పే కేటగిరీ అంకెదీ ఇదే కథ. 2008లో ఐక్ హరికేన్ రెండో కేటగిరీ తుపానుగానే టెక్సాస్ తీరానికి వచ్చి, ఉప్పెనతో బొలివర్ ద్వీపకల్పాన్ని ఊడ్చేసింది. 2010లో ఆ కొలమానంలోంచి ఉప్పెన ఎత్తులను తీసేసి, గాలికి మాత్రమే పరిమితం చేశారు. శాస్త్రరీత్యా సరైన పనే. కానీ అంకె చెప్పేది తగ్గినా జనం ఆ అంకె మీద పెట్టుకున్న నమ్మకం తగ్గలేదు.

మిల్టన్‌కు వచ్చేసరికి దృశ్యం తారుమారైంది. గల్ఫ్‌లో అది ఐదో కేటగిరీకి పెరిగి భయపెట్టింది, మూడో కేటగిరీగా తీరం దాటింది. హెలీన్ వదిలిపోయిన తడిసిన పరుపులు, సోఫాలు ఇంకా వీధుల్లో గుట్టలుగా ఉన్నాయి. టాంపా ప్రాంతాన్ని పెద్ద హరికేన్ నేరుగా కొట్టింది చివరిసారి 1921లో. ఈసారి జనం కదిలారు, కార్లు బారులు తీరాయి. ఆ భయం మిల్టన్ సొంతం కాదు, ముక్కాలు వంతు హెలీన్ నేర్పిందే. తీరా ఉప్పెన దక్షిణంగా కుడిపక్కకు పోయి, వెనిస్, మనసోటా కీ వైపు కొట్టింది. టాంపా అఖాతానికి ఉప్పెన తప్పింది, వాన తప్పలేదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దాదాపు 46 సెంటీమీటర్లు కురిసింది. గాలికి అక్కడి ట్రాపికానా ఫీల్డ్ స్టేడియం కప్పు చిరిగి పీలికలైంది. హిల్స్‌బరో నది ఆ తర్వాత రోజుల్లో పొంగి, సముద్రం జోలి లేని పేటల్లోకి వచ్చింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేవి ఈ రెండు తుపాన్లూ తమ దారికి దూరంగా చేసిన పనులు. మిల్టన్ కేంద్రం ఇంకా సముద్రంలో ఉండగానే, 200 కిలోమీటర్లకు పైగా అవతల, అట్లాంటిక్ వైపున్న ఫోర్ట్ పియర్స్ దగ్గర టోర్నడోలు లేచాయి. మామూలుగా తుపాను వెంట వచ్చే టోర్నడోలు బలహీనంగా పుట్టి త్వరగా పోతాయి. ఆ రోజువి ఓక్లహోమా మైదానాల్లో పుట్టే రకంలా బలంగా, ఎక్కువ దూరం నడిచాయి. ఆ ఒక్క రోజే ఫ్లోరిడాలో 126 టోర్నడో హెచ్చరికలు ఇచ్చారు, ఆ రాష్ట్రంలో అంతకు ముందెన్నడూ ఒక్క రోజులో అన్ని ఇవ్వలేదు. స్పానిష్ లేక్స్ అనే వృద్ధుల కాలనీలో ఆరుగురు పోయారు. ఉప్పెన వార్తలు చూస్తున్న ఆ తూర్పు తీరంవాళ్లకు తుపాను అవతలి ఒడ్డు సంగతి.

హెలీన్ చేసింది ఇంకా పెద్దది. పెర్రీకి 600 కిలోమీటర్ల ఎగువన, నార్త్ కరోలినాలో సముద్రానికి రెండు వేల అడుగుల పైన ఉన్న ఆష్‌విల్ పట్నాన్ని ముంచింది. తుపాను ఇంకా గల్ఫ్‌లో ఉండగానే, దాని తేమ అపలాచియన్ కొండల మీద నిలిచిపోయిన ఫ్రంట్‌కు, అంటే రెండు రకాల గాలుల సరిహద్దుకు తగిలి, రెండు రోజుల ముందునుంచే వానలు దంచాయి. నానిపోయిన కొండల మీద అసలు తుపాను వాన వచ్చి పడింది. ఫ్రెంచ్ బ్రాడ్ నది 1916 నాటి వరద మట్టాన్ని దాటింది. కొండచరియలు వందల్లో కాదు, వేలల్లో జారాయి. నార్త్ కరోలినాలోనే నూరుమందికి పైగా చనిపోయారు. ఆష్‌విల్ కుళాయిల్లో తాగదగ్గ నీళ్లు మళ్లీ రావడానికి నవంబరు సగం దాటింది. వాతావరణ మార్పు నుంచి తలదాచుకోవడానికి మంచి చోటని అంతకు ముందు పత్రికలు మెచ్చుకున్న ఊరు అది!

హెచ్చరికల్లో నాకు నచ్చినది కూడా అక్కడిదే. ఆ ప్రాంతాన్ని చూసే గ్రీన్‌విల్-స్పార్టన్‌బర్గ్ వాతావరణ కార్యాలయం ముందురోజే, రాబోయేది 1916 వరదతో పోల్చదగినదని చెప్పింది. కేటగిరీ చెప్పలేదు, గరాటు చూపలేదు, ఆ ఊరికే తెలిసిన నీటి మట్టాన్ని గుర్తు చేసింది. కోన్ కంటే ఆ ఒక్క వాక్యం విలువైనది. అయినా అది పూర్తిగా పనిచేయలేదు. 108 ఏళ్ల నాటి వరదను కళ్లారా చూసినవాళ్లెవరు? ఫ్లోరిడా తీరంలో ఉప్పెన ముప్పున్న ఇళ్లకు ఖాళీచేయాల్సిన జోన్ అక్షరం ఉంటుంది. కొండ లోయలో ఇంటికి అలాంటి అక్షరం లేదు, ఎటు పోవాలో ముందే చెప్పే అలాంటి ఏర్పాటూ లేదు. టాంపాది చదవడంలో లోపం, ఆష్‌విల్‌ది ఏర్పాటులో లోపం. రెండోదే ఎక్కువమందిని చంపింది.

మనకు ఇవి కొత్త కావు. మన తీరానికి తుపాను తూర్పునుంచి వస్తుంది గనక కుడిపక్క అంటే ఉత్తరం వైపు. 1977 నవంబరు 19న తుపాను కేంద్రం దాటింది చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో. ఉప్పెన మింగింది దానికి ఈశాన్యంగా ఉన్న దివిసీమను. 2025 అక్టోబరులో మొంథా తుపాను గోదావరి జిల్లాల తీరాన్ని దాటితే, మర్నాడు నీళ్లలో నిలబడింది వరంగల్, హనుమకొండ. భారత వాతావరణ శాఖ బులెటిన్లలో ఏ జిల్లాలో ఏ ముప్పో, ఏం చేయాలో విడివిడిగా రాస్తారు. ఆ ఒక్క విషయంలో అవి కోన్ కంటే మెరుగు. మన ఛానెళ్లు మాత్రం రాత్రంతా ‘ఎక్కడ తీరం దాటుతుంది’ అన్న ఒక్క ప్రశ్న మీదే నడుస్తాయి.

టాంపాలోనో హ్యూస్టన్‌లోనో ఉన్న పిల్లలకు ఇక్కడినుంచి ఫోన్ చేసేవాళ్లు ‘మీ మీదుగా వస్తోందా’ అని అడగడం మానండి. మీ ఇల్లు ఏ జోన్‌లో ఉంది, ఖాళీ చేయమన్నారా, టోర్నడో హెచ్చరిక మోగేలా ఫోన్ పెట్టుకున్నారా అని అడగండి. కొండల్లో ఉంటే, మీ ఇంటి దిగువన ఉన్న వాగు పేరేమిటని అడగండి.