ఔత్సాహిక లఘుచిత్రాలు – విమర్శ సంస్కారం: సైబరాబాద్ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
హైదరాబాదు ఐటీ ప్రాంతంలో ఉద్యోగం చేసుకుంటూ వారాంతాలలో లఘుచిత్రాలు తీసే ఔత్సాహికులు తెలుగు దృశ్యమాధ్యమంలో ఒక ప్రత్యేక వర్గంగా ఏర్పడ్డారు. వీరి చిత్రాల గురించి ప్రశంసలు వినబడతాయి, పరిహాసాలూ వినబడతాయి. విమర్శ మాత్రం అరుదు. ఈ లోటుకు కారణాలను గుర్తించడం, అవధాన సంప్రదాయం, ఔచిత్య సిద్ధాంతం, సాఫ్ట్‌వేర్ రంగంలోని సమీక్షా పద్ధతి అనే మూడు వనరుల నుంచి ఔత్సాహిక దృశ్యరచనకు తగిన విమర్శ పద్ధతిని ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: లఘుచిత్రం, ఔత్సాహికుడు, విమర్శ, అవధానం, ఔచిత్యం, సహృదయత, కోడ్ రివ్యూ, మాండలికం.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ఆధునిక సాహిత్య విమర్శ అనగానే 1914లో వెలువడిన కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారము' గుర్తుకు వస్తుంది. పింగళి సూరన వంటి ప్రసిద్ధ కవిని సైతం నిష్కర్షగా తూచవచ్చునని ఆ గ్రంథం చూపింది. అచ్చుకు ఎక్కిన కవిత్వాన్ని పరీక్షించడానికి మనకు నూరేళ్లకు పైబడిన పరిభాష ఉంది. థియేటరుకు వచ్చిన సినిమాను సమీక్షించడానికి పత్రికల వారి పద్ధతి ఉంది. కాని శని, ఆదివారాలలో అద్దె కెమెరాతో, స్నేహితులే నటులుగా, పారితోషికం లేని శ్రమతో తయారైన పది నిమిషాల చిత్రం ముందు మన విమర్శ మూగబోతుంది. కావ్యాన్ని కొలిచే కొలత దానికి పెద్దదనిపిస్తుంది, వ్యాపార చిత్రాన్ని కొలిచే కొలత అన్యాయమనిపిస్తుంది.

ఔత్సాహికుడు అనే మాటను 'ఇంకా నేర్చుకోనివాడు' అనే అర్థంలో వాడడం మనకు అలవాటు. అమెరికా ప్రయోగాత్మక దర్శకురాలు మాయా డెరెన్ 'అమెచ్యూర్' అనే మాటకు లాటిన్ మూలంలో 'ప్రేమించేవాడు' అనే అర్థం ఉందని గుర్తుచేస్తూ, డబ్బుకోసం కాక ప్రేమకోసం తీసేవారికి ఉన్న స్వేచ్ఛను సమర్థించింది. ఈ దృష్టితో చూస్తే ఔత్సాహికత లోపం కాదు, ఒక స్థితి. ఆ స్థితికి తగిన విమర్శ ఏది అన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న.

2. నేపథ్యం – ఐటీ ఉద్యోగం, సినిమా కల:

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభంతో మాదాపూర్ ప్రాంతం హైటెక్ సిటీగా రూపుదిద్దుకోవడం మొదలైంది. అదే ఏడాది నాగేశ్ కుకునూర్ 'హైదరాబాద్ బ్లూస్' వచ్చింది. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసిన వ్యక్తి తన సంపాదనతో, సినీ పరిశ్రమ అండ లేకుండా తీసిన చిత్రమది. 2000లో శేఖర్ కమ్ముల 'డాలర్ డ్రీమ్స్' అమెరికా ప్రయాణపు కలను హైదరాబాదు యువకుల వైపు నుంచి చూపి, తొలి చిత్ర దర్శకునిగా ఆయనకు జాతీయ పురస్కారం తెచ్చిపెట్టింది. ఇంజనీరింగ్ చదువుకూ సినిమాకూ మధ్య దారి ఉందని ఈ రెండు చిత్రాలు నిరూపించాయి.

తరువాతి దశలో స్టిల్ కెమెరాలలోనే నాణ్యమైన వీడియో తీయగల సదుపాయం, యూట్యూబ్ కలిసి ఆ దారిని వెడల్పు చేశాయి. లఘుచిత్రాలతో గుర్తింపు పొందిన సుజీత్ 'రన్ రాజా రన్' (2014)తో, తరుణ్ భాస్కర్ 'పెళ్ళి చూపులు' (2016)తో పెద్ద తెరకు వచ్చారు. రెండో చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా, సంభాషణలకు జాతీయ పురస్కారాలు లభించాయి.

ఈ విజయాలు ఔత్సాహికులకు ధైర్యమిచ్చాయి. అదే సమయంలో లఘుచిత్రం స్వభావాన్నీ మార్చాయి. స్వయంగా ఒక రచన కావలసినది పరిశ్రమకు పంపే దరఖాస్తుగా మారింది. దరఖాస్తును ఎవరూ విమర్శించరు. అయితే సిఫారసు చేస్తారు, లేకుంటే పక్కన పెడతారు. సైబరాబాద్ లఘుచిత్రాలకు సరైన విమర్శ కొరవడడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది.

3. పొగడ్త, ఎగతాళి – ఒకే లోపానికి రెండు ముఖాలు:

ఔత్సాహిక చిత్రం మొదట స్నేహితుల మధ్య ప్రదర్శితమవుతుంది. వారిలో సగం మంది అందులో నటించినవారో, లైటు పట్టుకున్నవారో అయి ఉంటారు. "అదిరింది రా", "నెక్స్ట్ లెవెల్ అన్నా" అనే మాటలు అక్కడ వినబడతాయి. అవి అబద్ధాలు కావు. పడిన శ్రమకు ఇచ్చే గౌరవం వాటిలో ఉంది. కాని అవి చిత్రం గురించి ఏమీ చెప్పవు. రేపు తన చిత్రం వస్తే ఇతడు మెచ్చుకోవాలి అన్న ఇచ్చిపుచ్చుకోలు కూడా ఈ పొగడ్తలో కొంత కలిసి ఉంటుంది.

చిత్రం అపరిచితులకు చేరగానే రెండో ముఖం కనిపిస్తుంది. దర్శకుని ఉద్యోగం, నటి రూపం, నటుని యాస పరిహాస వస్తువులవుతాయి. "కోడింగ్ చేసుకోక నీకెందుకీ సినిమాలు" అనే ధోరణి ప్రబలుతుంది. ఇక్కడ స్త్రీల పరిస్థితి మరింత కఠినం. నటుని విషయంలో నటన గురించి మాట్లాడేవారు నటి విషయంలో శరీరం గురించి మాట్లాడతారు. అది విమర్శ కాదు, అవమానం. ఆ ఒక్క అనుభవంతో కెమెరా ముందుకు రావడం మానుకునేవారి నష్టం కళకు కూడా నష్టమే.

పొగడ్త, ఎగతాళి పరస్పర విరుద్ధాలుగా కనిపిస్తాయి. నిజానికి రెండూ వ్యక్తినే చూస్తాయి, చిత్రాన్ని చూడవు. తెలుగు సాహిత్య చరిత్రకు ఇది కొత్త కాదు. తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు సోదర కవులకూ మధ్య నడిచిన వివాదంలో పద్యం కన్నా పంతం ముందుకు వచ్చిన సందర్భాలు సాహిత్య విద్యార్థులకు తెలిసినవే. అయితే ఆ కవులకు సభలు, శిష్యులు, సంస్థానాల ఆదరణ ఉండేవి. వారాంతపు దర్శకునికి అటువంటి రక్షణ లేదు. అతని మొదటి చిత్రమే చివరి చిత్రం కావడానికి ఒక్క రాత్రి చాలు.

4. అవధానం – నియమాల మధ్య విమర్శ:

2001లో వాషింగ్టన్‌లో మొదలైన 48 గంటల చిత్రనిర్మాణ పోటీ తరువాత హైదరాబాదుకూ వచ్చింది. బృందానికి ఒక కథా ప్రక్రియ, ఒక పాత్ర, ఒక వస్తువు, ఒక సంభాషణ వాక్యం ఇస్తారు. వాటిని ఇముడ్చుకుంటూ రెండు రోజులలో చిత్రం పూర్తి చేయాలి. తరుణ్ భాస్కర్ 'అనుకోకుండా' ఈ పోటీకి తీసిన చిత్రమే.

తెలుగు పాఠకునికి ఈ నియమాలు వింతగా తోచవు. ఇచ్చిన పదాలను పద్యంలో పొదగమనే దత్తపది, ఇచ్చిన పాదానికి సమన్వయం కుదర్చమనే సమస్యాపూరణ మనకు చిరపరిచితాలు. రెండింటిలోనూ కాలం తక్కువ, కట్టుబాటు ఎక్కువ. దత్తపదిలో పదం అతికించినట్లుందా, పద్యంలో కలిసిపోయిందా అని చూస్తాం. ఈ పోటీ చిత్రంలోనూ ఇచ్చిన వస్తువు కథకు అవసరమైందా, నియమం కోసం చూపబడిందా అన్నదే సరైన ప్రశ్న.

అవధానం నుంచి నేర్చుకోదగిన అంశం ఇంకొకటి ఉంది. పృచ్ఛకులకు అక్కడ నిర్దిష్ట బాధ్యతలు ఉంటాయి. నిషిద్ధాక్షరి ఇచ్చేవారు అక్షరం గురించే మాట్లాడతారు. అప్రస్తుత ప్రసంగానికి కూడా ఒక స్థానం కేటాయించబడింది. చమత్కారం, కవ్వింపు ఆ స్థానానికి పరిమితం. పృచ్ఛకుడు అవధానిని ఇరుకున పెడతాడు, కాని పద్యం పూర్తికావాలనే కోరుకుంటాడు. ప్రశ్నించేవానికి ఛందస్సు తెలియాలన్న నియమం ఆ సభకు గౌరవాన్ని ఇచ్చింది. లఘుచిత్ర ప్రదర్శనల తరువాత జరిగే చర్చలలో లోపించినవి ఇవే: పాత్రల విభజన, ప్రశ్నించేవారి సన్నద్ధత. 2010లో బంజారాహిల్స్‌లో ఏర్పడిన లమకాన్ వంటి వేదికలు ముఖాముఖి చర్చకు చోటు కల్పించగలవు. ఆ చోటును ఏ క్రమంలో వాడుకోవాలో అవధానం చెప్పగలదు.

5. కోడ్ రివ్యూ – దగ్గరే ఉన్న పాఠం:

ఈ ఔత్సాహికులలో చాలామంది వృత్తిరీత్యా ప్రతిరోజూ విమర్శ ఇస్తున్నవారు, పుచ్చుకుంటున్నవారు కావడం విశేషం. సాఫ్ట్‌వేర్ సంస్థలలో ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు చదివి లోపాలు గుర్తించిన తరువాతే స్వీకరించడం విస్తృతంగా ఉన్న ఆచారం. ఇటువంటి తనిఖీకి క్రమబద్ధమైన రూపాన్ని ఐబీఎం ఇంజనీరు మైఖేల్ ఫేగన్ 1976లో ప్రచురించిన పత్రంలో వివరించాడు. అందులో రెండు సూత్రాలు మనకు ముఖ్యం. మొదటిది, తనిఖీ సమావేశం పని లోపాన్ని కనుగొనడం, అక్కడే పరిష్కారం రాయడం కాదు. రెండవది, బయటపడిన లోపాలను రాసినవాని పనితీరును అంచనా కట్టడానికి వాడరాదు.

చిత్రానికి అన్వయిస్తే ఈ సూత్రాల విలువ తెలుస్తుంది. గచ్చిబౌలి రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర ఇద్దరు మిత్రులు విడిపోయే దృశ్యం ఉందనుకుందాం. "ఈ సీను బోరు" అనేది తీర్పు. "ఈ సీను కేఫ్‌లో తీయాల్సింది" అనేది పరిష్కారం. "మిత్రుడు ఉద్యోగం పోయిన సంగతి చెప్పే వాక్యం బస్సు హారన్‌లో కలిసిపోయింది. అందువల్ల రెండోవాడు ఎందుకు లేచిపోయాడో నాకు అర్థం కాలేదు" అనేది పరిశీలన. దర్శకునికి పనికివచ్చేది మూడవది. దాన్ని విని అతడు మాటను డబ్బింగ్ చేయవచ్చు, దృశ్యాన్ని మళ్లీ తీయవచ్చు, లేదా ఆ వాక్యం వినబడకపోవడమే తన ఉద్దేశమని గ్రహించి దాన్ని స్పష్టం చేయవచ్చు. పరిష్కారం అతని హక్కు.

అయితే ఈ పోలికకు హద్దు ఉంది. కోడ్ సరిగా నడుస్తుందో లేదో పరీక్షించి తేల్చవచ్చు. దృశ్యం 'నడవడం' అటువంటిది కాదు. మాట వినబడకపోవడం, ముఖంపై వెలుగు ఒక్కో షాట్‌లో ఒక్కోలా ఉండడం దోషాలుగా చూపవచ్చు. కథ నెమ్మదిగా సాగడం దోషమో గుణమో చిత్రం ఉద్దేశాన్ని బట్టి తేలుతుంది. ఇక్కడ క్షేమేంద్రుని ఔచిత్య విచారం అక్కరకు వస్తుంది. ఏ అంశమైనా తనంత తానుగా గుణమో దోషమో కాదు, తగిన చోట ఉందా అన్నదే ప్రమాణం. కాళిదాసు వంటి మహాకవి రచనలోనూ అనౌచిత్యాన్ని ఎత్తిచూపిన క్షేమేంద్రుని ధైర్యం కూడా గమనించదగినది. పేరును చూసి పొగడకపోవడం, పేరు లేదని తీసిపారేయకపోవడం ఒకే విలువకు రెండు వైపులు.

6. యాస – దోషమా, ఔచిత్యమా?

"డైలాగ్ డెలివరీ బాగాలేదు" అనే మాట ఈ చర్చలలో తరచు వినబడేది. ఐటీ ప్రాంతంలో కోస్తా, రాయలసీమ, తెలంగాణ ప్రాంతాల వారు, ఇతర భాషల వారు కలిసి పనిచేస్తారు. ఒకే చిత్రంలో నాలుగు రకాల తెలుగు వినబడడం సహజం. చాలాకాలం తెలుగు సినిమా ఒక ప్రాంతపు తెలుగును ప్రమాణంగా, తెలంగాణ యాసను ఎక్కువగా హాస్యానికో ప్రతినాయకత్వానికో పరిమితం చేసింది. ఆ అలవాటుతో విన్న చెవికి వేరే యాస అంతా లోపంగానే తోస్తుంది.

తరుణ్ భాస్కర్ 'సైన్మా' లఘుచిత్రంలో తెలంగాణ పల్లె భాష పాత్రల సహజ భాషగా నిలిచింది. 'పెళ్ళి చూపులు' హైదరాబాదు యువత మాట్లాడే తెలుగును కథానాయకుని స్థాయికి తెచ్చింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చిన 'మై విలేజ్ షో' వీడియోలకు ఆ పల్లె మాటే ప్రాణం. కనుక విమర్శకుడు వేసుకోవలసిన ప్రశ్న 'ఇది సరైన తెలుగేనా' అన్నది కాదు. ఈ పాత్ర పుట్టుకకు, స్థితికి ఈ మాట తగినదా, మొదటి దృశ్యంలోని యాస చివరి దృశ్యం దాకా నిలిచిందా అన్నవి ఔచిత్య ప్రశ్నలు. మొదటిది అభిరుచి ముసుగు వేసుకున్న పక్షపాతం.

7. విమర్శ స్వీకారం – 'ఈ నగరానికి ఏమైంది':

విమర్శను ఇవ్వడం ఎంత కష్టమో స్వీకరించడం అంతకన్న కష్టం. తరుణ్ భాస్కర్ 'ఈ నగరానికి ఏమైంది' (2018) లఘుచిత్రం తీసే నలుగురు మిత్రుల కథ. థియేటర్లలో వేసే పొగాకు వ్యతిరేక ప్రకటనలోని వాక్యాన్ని శీర్షికగా చేసుకోవడంలోనే ఈ తరం హాస్యధోరణి కనిపిస్తుంది. దర్శకుడు కావాలనుకునే వివేక్ కోపిష్ఠి. ఎడిటింగ్ తెలిసినవాడు, డబ్బింగ్ చెప్పేవాడు మిత్రులలో ఉన్నారు. అంటే ఒకరి పనిని మరొకరు తూచగల అర్హత ఆ బృందంలోనే ఉంది.

అయినా వారు ఒకరికొకరు చెప్పుకునేవి చాలావరకు హాస్యం రూపంలోనే బయటికి వస్తాయి. హాస్యం వారి స్నేహాన్ని నిలబెడుతుంది. నిజాన్ని సూటిగా చెప్పే భారం నుంచి తప్పిస్తుంది కూడా. చిత్రం దృష్టి ప్రధానంగా తీయడంపై, తెగిన బంధాలు అతుక్కోవడంపై నిలిచింది. తీసినదాన్ని కూర్చుని చూసి విప్పి చర్చించుకోవడం దాని కేంద్రం కాదు. ఇది కథనపరంగా లోపం కాకపోవచ్చు. కాని ఔత్సాహికుల జీవితంలో ఆ చర్చ ఎంత అరుదో ఈ ఎంపిక పరోక్షంగా సూచిస్తుంది.

అమెరికా నృత్యకళాకారిణి లిజ్ లెర్మన్ రూపొందించిన విమర్శ విధానం ఈ సందర్భంలో ఉపయోగకరం. అందులో మొదట ప్రేక్షకులు తమను తాకిన అంశాన్ని చెబుతారు. తరువాత కళాకారుడే తనకు సందేహమున్న చోట ప్రశ్నలు అడుగుతాడు. ఆపై ప్రేక్షకులు తీర్పు దాగని ప్రశ్నలు వేస్తారు. చివరగా కళాకారుని అనుమతితో అభిప్రాయాలు చెబుతారు. ఇందులో కీలకం రెండో దశ. "ఎలా ఉంది?" అని అడిగిన దర్శకునికి పొగడ్తే దొరుకుతుంది. "ఆమె ఉత్తరం చించినప్పుడు కోపంతో చించిందనిపించిందా, భయంతోనా?" అని అడిగినవానికి సమాచారం దొరుకుతుంది. మంచి విమర్శను రాబట్టడం కూడా దర్శకత్వ విద్యలో భాగమే. ప్రేక్షకుడు మాట్లాడుతుండగా "అక్కడ లైట్ దొరకలేదు, ఆ రోజు వాన" అని వివరించడం ఆ విద్యకు అడ్డు. వివరణ చిత్రంతో పాటు ప్రయాణించదు.

8. ముగింపు:

• సైబరాబాద్ లఘుచిత్రం పరిశ్రమ ప్రవేశానికి దరఖాస్తుగా మారడం విమర్శ క్షీణతకు ఒక ప్రధాన కారణం. లఘుచిత్రాన్ని స్వయంసంపూర్ణ రచనగా గుర్తించినప్పుడే విమర్శ సాధ్యం.

• పొగడ్త, ఎగతాళి రెండూ వ్యక్తిని లక్ష్యం చేసుకుంటాయి. తీర్పు, పరిష్కారం, పరిశీలన అనే మూడింటిలో ఔత్సాహికునికి ఎక్కువ మేలు చేసేది పరిశీలన.

• అవధానం చర్చకు క్రమాన్ని, కోడ్ రివ్యూ వ్యక్తికీ పనికీ మధ్య దూరాన్ని, ఔచిత్య సిద్ధాంతం విలువ కట్టే ప్రమాణాన్ని అందిస్తాయి. మూడూ కలిసినప్పుడే పద్ధతి పూర్తవుతుంది.

• యాసను, రూపాన్ని దోషాలుగా లెక్కించే వ్యాఖ్యలను విమర్శ పరిధి నుంచి తొలగించాలి.

అలంకారశాస్త్రం సహృదయుణ్ణి గురించి చెప్పినప్పుడు నిరంతర పరిచయంతో నిర్మలమైన మనసు గలవాడని నిర్వచించింది. ఆ పరిచయం ఉన్నవారు విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలలో ఉన్నారు. పద్యంలో ఒక పదం ఎందుకు అతకలేదో చెప్పగల అధ్యాపకుడు, ఒక షాట్ ఎందుకు అతకలేదో చెప్పడం నేర్చుకోగలడు. సోమవారం ఉదయం మళ్లీ ఆఫీసుకు వెళ్లవలసిన ఆ దర్శకునికి మనం ఇవ్వగలిగిన గౌరవం, అతని పది నిమిషాలను శ్రద్ధగా రెండుసార్లు చూసి, కనిపించినదాన్ని కనిపించినట్లు చెప్పడమే.