కాలయంత్రము ఎవరి సొత్తు?

పేరుపొందిన వైజ్ఞానిక కల్పనా చిత్రములను చూచి ముగ్ధులైన యువకులు, వానిలోని పాత్రలతో, అంతరిక్ష నౌకలతో తామే చిన్న చిత్రములు తీయుట నేడు దేశదేశముల వాడుక అయినది. వీనిని అభిమాన చిత్రములు అనవచ్చును. సెల్ ఫోను అందుబాటులో నున్న ఉన్నత పాఠశాల విద్యార్థికి ఇది అసాధ్యమైన పని కాదు. రాజమహేంద్రవరమున గాని, అమలాపురమున గాని ఒక పాఠశాల సైన్సు క్లబ్బు ఇట్టి చిత్రమునకు పూనుకొన్నదనుకొందము. దానికి గల హద్దులేవి? ఆ హద్దులు న్యాయమైనవేనా?

మొదటి హద్దు చట్టము. మన కాపీరైటు చట్టము 1957 నాటిది. 1978లో ఆర్. జి. ఆనంద్ కేసులో సుప్రీం కోర్టు ఒక ముఖ్య సూత్రమును స్పష్టపరచినది. భావమునకు, ఇతివృత్తమునకు, చరిత్రలోని సంగతులకు కాపీరైటు లేదు. వానిని రచయిత చెప్పిన తీరునకు, అమర్చిన రూపమునకు మాత్రమే కలదు. గోదావరి నీరు అందరిదే; ఆ నీటితో ఒక రైతు పండించిన ధాన్యము ఆ రైతుదే.

ఈ సూత్రమునకు మన తెలుగులోనే చక్కని ఉదాహరణము కలదు. హెచ్. జి. వెల్స్ 1895లో ‘ది టైమ్ మెషీన్’ నవలను ప్రకటించెను. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ చిత్రమును తీసిరి. అప్పటికి వెల్స్ రచనకు మన దేశమున కాపీరైటు ఇంకను తీరలేదు. అయినను సింగీతం తీసికొన్నది కాలయంత్రమను ఊహను మాత్రమే. ఆ యంత్రము మనలను 1526 నాటి విజయనగరమునకు, శ్రీకృష్ణదేవరాయల కొలువునకు, పిదప 2504వ సంవత్సరమునకు కొనిపోవును. వెల్స్ కథలో రాయలు లేడు. అరువు తెచ్చిన ఊహ మన చరిత్రలో వేరూనినది గనుకనే ఆ చిత్రము నేటికిని నిలిచియున్నది.

రెండవ సంగతి కాలపరిమితి. మన దేశమున రచయిత మరణించిన పిదప 60 సంవత్సరముల వరకు రచనపై హక్కు ఉండును. వెల్స్ 1946లో మరణించెను. రాజమహేంద్రవరమున జీవించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం పంతులుగారును అదే సంవత్సరమున కీర్తిశేషులైరి. కావున ‘ది టైమ్ మెషీన్’, పంతులుగారి ‘గయోపాఖ్యానము’ రెండును 2007 జనవరి 1 నుండి మనకు స్వేచ్ఛగా లభించుచున్నవి. ఆకాశయానము చేయు గంధర్వుని కథను కాలయంత్రముతో కలిపి చిత్రము తీయదలచినవారు ఎవరి అనుమతియు కోరనక్కరలేదు.

జీవించియున్న చిత్రమాలల సంగతి వేరు. అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ అభిమానులు కొందరు ‘ఆక్సనార్’ అను చిత్రమునకై ప్రజలనుండి పది లక్షల డాలర్లకు పైగా చందాలు సేకరించిరి. 2015 డిసెంబరులో పారమౌంట్, సి.బి.ఎస్. సంస్థలు దావా వేసినవి. 2016లో ఆ సంస్థలే అభిమానులకు నియమములు ప్రకటించినవి: ఒక కథ 15 నిమిషములు, రెండు భాగములైనచో మొత్తము 30 నిమిషములు మించరాదు, చందాలు 50,000 డాలర్లు దాటరాదు. 2017 జనవరిలో న్యాయమూర్తి అభిమానుల వాదమును త్రోసిపుచ్చగా, ఆ నెలలోనే రాజీ కుదిరినది. యజమానుల హక్కు కాదనలేనిది. కాని ఏండ్ల తరబడి అభిమానుల చిత్రములను చూచియు ఊరకుండి, ధనము పెరిగిన పిదప గీత గీయుట మెచ్చదగినది కాదు. అభిమానులును ఉపేక్షను అనుమతిగా భావించిరి. లాభము కోరలేదను మాట ఒక్కటే రక్షణ కాజాలదు.

మూడవ హద్దును గూర్చి తలచువారు తక్కువ; సైన్సు విద్యార్థికి అదియే ముఖ్యము. 1977 నాటి ‘స్టార్ వార్స్’లో అంతరిక్ష నౌకలు ప్రేలిన చప్పుడు వినబడును. గాలి లేని శూన్యమున ధ్వని ప్రయాణింపదని ఎనిమిదవ తరగతి విద్యార్థికిని తెలియును. అభిమాన చిత్రము తీయువాడు దీనిని దిద్దినచో అభిమానులు ‘ఇది మన చిత్రము వలె లేదు’ అందురు. దిద్దకున్నచో విజ్ఞానమునకు ద్రోహము చేసినవాడగును. పరుల లోకమును అరువు తెచ్చుకొన్నవాడు దాని తప్పులను గూడ మోయవలసియుండును. ఏ న్యాయస్థానమును విధింపని శిక్ష ఇది.

ఉపాధ్యాయులు ఒక భేదమును గుర్తింపవలెను. పాఠశాల కార్యక్రమములలో భాగముగా, బడివారు, తల్లిదండ్రులు మాత్రమే ప్రేక్షకులుగా, ఉపాధ్యాయులును విద్యార్థులును నాటకము ఆడుటకు చట్టములోని 52వ సెక్షను అవకాశమిచ్చుచున్నది. దానినే చిత్రించి ఇంటర్నెట్టులో లోకమునకు విడుదల చేయుట ఆ మినహాయింపులోనికి రాదు.

అభిమానము తప్పు కాదు. చిత్రకళకు అది మంచి ఓనమాలే. కాని ఓనమాలు దిద్దినవాడు సొంత వాక్యము వ్రాయవలెను. కాలయంత్రమును 1839కి త్రిప్పినచో తుపాను కోరంగి రేవును ధ్వంసము చేయుట చూడవచ్చును. 1847కు త్రిప్పినచో ధవళేశ్వరమున ఆనకట్ట పని ఆరంభమగుట చూడవచ్చును. ముందునకు త్రిప్పి, సముద్రమట్టము పెరిగిన నాడు కోనసీమ ఎట్లుండునో లెక్కగట్టి చూపవచ్చును. ఈ కథలకు యజమాని ఎవడును లేడు. వానిని చెప్పవలసినవారు ఈ డెల్టా బిడ్డలే.