పులికాట్ పక్షులకి పుట్టిల్లు ఏది?

పులికాట్ పక్షుల గురించి తెలుగులో రాసేటప్పుడు ఒక పోలిక తరచుగా వస్తుంటుంది: పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు. వినడానికి హాయిగా ఉంటుంది. దాని వల్ల కొంత మేలు కూడా ఉంది. ఆడబిడ్డ అనుకున్నాక ఎవరూ రాయి విసరరు కదా. కానీ ఈ పోలికని పక్షి పక్కన పెట్టి చూస్తే చాలాచోట్ల అతకదు.

పోస్టర్ల మీద కనిపించేది ఫ్లెమింగో. సూళ్లూరుపేట, తడ వైపు ఉప్పునీటికి అది వచ్చేది ముఖ్యంగా మేతకి. మన దేశంలో దానికి పేరున్న పురిటి చోటు గుజరాత్‌లోని కచ్ రణ్. మనం మురిసిపోయే ఆ గులాబీరంగు కూడా పుట్టుకతో రాదు. పిల్ల బూడిదరంగులో ఉంటుంది. నాచు, రొయ్యల్లాంటి చిన్న జీవులు తింటూ మెల్లగా రంగు తేలుతుంది. రంగుని ఈకల్లోకి చేర్చే ఏర్పాటు జన్యువులది, రంగు తిండిది.

నిజంగా ఇక్కడ పిల్లల్ని చేసేది గూడబాతు. 1976లో అభయారణ్యమైన నేలపట్టులో, ఈశాన్య రుతుపవనాలకి చెరువు నిండాక, నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు కడుతుంది. మగది పుల్లలు తెస్తే ఆడది పేరుస్తుంది. గుడ్లు ఇద్దరూ పొదుగుతారు. పిల్లలు ఇద్దరి గొంతుసంచుల్లోనూ తల దూర్చి చేపలు తింటాయి. మన పురిటి పోలికలో మాత్రం అల్లుడు ఎక్కడా కనబడడు!

మనుషుల కథల్లోకి వస్తే వరస తిరగబడుతుంది. పురుడు తల్లిది, వంశం తండ్రిది. విత్తనం ఆయన, పొలం ఆవిడ. జీవశాస్త్రం ఈ పంపకాన్ని ఒప్పుకోదు. క్రోమోజోముల్లో సగం తల్లి నుంచి వస్తాయి, పైగా మైటోకాండ్రియా డీఎన్ఏ దాదాపు అంతా ఆవిడదే. పిల్ల ఆడో మగో తేల్చేది పక్షుల్లో తల్లి గుడ్డు, మనుషుల్లో తండ్రి వీర్యకణం. ఆడపిల్ల పుట్టిందని కోడల్ని తిట్టే అత్తని మన కథలు ఎన్నోసార్లు నిలదీశాయి. అదే కథలో మనవడు పుట్టగానే 'వంశాంకురం' అనే మాట ఏ అడ్డూ లేకుండా వచ్చేస్తుంది. తిట్టుని తప్పుపట్టి, దాన్ని పుట్టించిన పోలికని వదిలేస్తే విమర్శ సగంలో ఆగిపోయినట్టే.

పుట్టిల్లు అనే మాటతో నాకున్న పెద్ద పేచీ ఇంకొకటి. అందులో ఒక ధీమా ఉంది: ఎప్పుడొచ్చినా తలుపు తెరిచే ఉంటుందని. నేలపట్టు అలాంటి ఇల్లు కాదు. వాన తప్పితే చెరువు నిండదు. పులికాట్‌లోకి సముద్రపు నీళ్లొచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే సరస్సులో చేపకీ రొయ్యకీ దారి మూసుకుపోతుంది, వాటిని నమ్ముకున్న జాలర్లకీ పక్షులకీ కూడా. గూడబాతు తన పిల్లకి ముక్కునీ రెక్కనీ గుడ్డులోనే ఇచ్చి పంపగలదు. చెరువుని పంపలేదు. పులికాట్ మీద రాయబోయే తరవాతి కవి ఆ చెరువు దగ్గర మొదలుపెడితే బావుంటుంది.