కనిపించేది కడ్డీ, పనిచేసేది రేకు

నరసన్నపేట మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారిపై పోలీసు జీపు కనిపిస్తే అందరి చూపూ ఏరియల్ కడ్డీ మీదే. పనితనమంతా దాని అడుగున ఉంది. 150 మెగాహెర్ట్జ్ వైర్‌లెస్‌కు అర మీటరు కడ్డీ చాలు. 27 మెగాహెర్ట్జ్ సీబీ (సిటిజన్స్ బ్యాండ్) రేడియోకు పావు తరంగదైర్ఘ్యపు కడ్డీయే సుమారు 2.75 మీటర్లు, అందుకే తీగ చుట్ట కలిపి పొట్టి చేస్తారు. దేనికైనా మిగతా సగం ఏరియల్ బండి రేకే! కాబట్టి తెలిసిన మేస్త్రీ, ఓనరు గొణిగినా సరే, మౌంటు కింద పెయింటు గీకి ఇనుము మెరిశాకే నట్టు బిగిస్తాడు; కరెంటు వైరును ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీ నుంచే లాగుతాడు. ఈ తీరప్రాంతపు ఉప్పుగాలికి గీకినచోట తుప్పు పట్టదా అంటే, పడుతుంది. పైన గ్రీజు రాసేది అందుకే. సెల్‌ఫోనుండగా ఇదంతా దేనికనే వాదన మాత్రం, 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు శ్రీకాకుళం జిల్లాలో కరెంటుతో పాటు సిగ్నళ్లూ పోయినప్పుడే వీగిపోయింది.