మూడో పీరియడ్ దాకా

మా బడిలో గంట అంటే రైలు పట్టా ముక్క. వేపకొమ్మకి ఇనప తీగతో వేలాడుతుంటుంది. దాన్ని కడ్డీతో కొడితే ఊరవతల పొలంలో ఉన్నవాళ్లకి కూడా టైమెంతయిందో తెలుస్తుంది. ఇరవై రెండేళ్లుగా నాకు ఆ చప్పుడు పట్టనే లేదు. గంట కాగానే చేతిలో చాక్‌పీసు కింద పెట్టేసి, కాళ్లు వాటంతటవే పక్క క్లాసుకి పోయేవి. కిందటేడాది జనవరిలో తిరిగి డ్యూటీలో చేరిన రోజు మాత్రం మొదటి దెబ్బకే తల రెండు చేతులతో పట్టుకుని వరండాలో కూలబడ్డాను. పిల్లలు కిటికీల్లోంచి చూస్తున్నారు.

అంతకు ఆరు వారాల ముందు, కోతల రోజుల్లో, స్కూటీ మీద ఇంటికొస్తున్నాను. రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టారు. మసక చీకటి. ఎదురొచ్చే ట్రాక్టరు లైటు కళ్లలో పడి పక్కకి కోశాను, వడ్ల మీద చక్రం జారింది. హెల్మెట్ సీటు కింద డిక్కీలో భద్రంగా ఉంది. అక్కడ పెట్టింది నేనే కాబట్టి ఆ రైతుని తిట్టడానికి నోరు రాదు.

ఆస్పత్రిలో స్పృహకి మార్కులు వేస్తారు. 1974లో గ్లాస్గోలో ఇద్దరు డాక్టర్లు తయారుచేసిన లెక్క అది. కళ్లు తెరిస్తే 4, మాటకి 5, ఒంటి కదలికకి 6, మొత్తం 15. నాకు 14 వచ్చాయి. 13 నుంచి పైన అంతా స్వల్ప గాయమే. ఉలుకూ పలుకూ లేకుండా పడున్నవాళ్లకి కూడా 3 మార్కులు వేసే పరీక్ష ఇదొక్కటేనేమో! సీటీ స్కాన్ కూడా శుభ్రంగా ఉంది. ఆ శుభ్రమైన స్కానే తర్వాత నా ప్రాణానికొచ్చింది. రక్తం గడ్డకట్టినా ఎముక చిట్లినా స్కానులో పడుతుందట. తల అదిరి లోపలి సన్నటి నరాల పోగులు సాగితే మాత్రం దొరకదట. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, కొందరికి నెలలు పడుతుంది అన్నారు డాక్టరు. నేను ఆ కొందరిలో పడ్డాను.

బోర్డు వైపు నుంచి క్లాసు వైపు తిరిగితే, గది నాకంటే అర క్షణం ఆలస్యంగా తిరిగేది. ట్యూబులైటు కింద కళ్లు పోట్లు. ‘వర్గమూలం’ అనబోతే మాట నాలుక మీదికొచ్చి వెనక్కి పోయేది. మధ్యాహ్నం భోజనాల వేళకి ఒంట్లో కరెంటు తీసేసినట్టుండేది. అది నిద్ర కాదు, పడుకున్నా తీరేది కాదు.

ఒకరోజు పదో తరగతిలో ‘ఎక్స్ స్క్వేర్ మైనస్ 5ఎక్స్ ప్లస్ 6’ చేస్తున్నాను. మైనస్ 5ఎక్స్‌ని మైనస్ 2ఎక్స్, మైనస్ 3ఎక్స్‌గా విడగొట్టి రాశాను. వెనక బెంచీలో ఎవరిదో జామెట్రీ బాక్సు కిందపడింది. మళ్లీ బోర్డు చూస్తే ఆ మైనస్ 2ఎక్స్ ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కాలేదు. రాత నాదే. చేయి గాల్లోనే ఆగింది. ముందు బెంచీ పిల్ల మెల్లిగా, “కామన్ తీయాలి టీచర్” అంది. ఆ మెల్లిగా చెప్పడం ఉంది చూశారూ, అది తల నొప్పి కంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఏమంటారు? “బాగానే కనిపిస్తున్నారుగా మేడమ్” అంటారు. కట్టు లేదు, కుంటడం లేదు. మా పెద్దాడపడుచైతే మెడికల్ ఇన్‌వాలిడేషన్ పెట్టుకుంటే అబ్బాయికి ఉద్యోగం వస్తుందేమో కనుక్కోమంది. ఆవిడ ప్రేమకొద్దీ అన్న మాటే, కాదనను.

చివరికి హెచ్‌ఎం గారి ముందు కూర్చుని చెప్పేశాను. ఆయన ఓదార్చలేదు. “ఏ పీరియడ్ దాకా బాగుంటోందమ్మా?” అనడిగారు. ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు. మూడో పీరియడ్ దాకా అన్నాను. టైంటేబుల్ చార్టు దించి పెన్సిలూ రబ్బరూ తీసుకున్నారు.

తెలుగు మాస్టారు తన రెండో పీరియడ్ నాకిచ్చారు. మధ్యాహ్నం నోట్సులు దిద్దుకోవడానికి లైబ్రరీ గది, లైట్లు ఆర్పేసి. అటెండరుకి ఎవరు చెప్పారో తెలీదు, కడ్డీ చివర పాత సైకిలు ట్యూబు చుట్టాడు. గంట ఇప్పుడు ‘ఠంగ్’ అనదు, ‘ధబ్’ అంటుంది. గ్రౌండులో వినబడ్డం లేదని పీఈటీ సారు గొడవ. భోజనాల తర్వాత నిద్రమత్తు పీరియడ్లన్నీ సైన్స్ మేడమ్ నెత్తిన పడ్డాయి. ఆవిడ నెల్లాళ్లు నాతో ముభావంగానే ఉంది. నేనైనా అంతే ఉండేదాన్ని.

హెచ్‌ఎం గారికి రేపు బదిలీ అయితే ఏమిటని మాస్టారే అడిగారు. కాగితం మీద పెట్టించుకోమన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షన్ ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వం ఉద్యోగంలోంచి తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టులోకి మార్చాలి. ప్రైవేటు కొలువుల్లోవాళ్లకి ఆ రక్షణ లేదు. చట్టం జాబితాలో 21 రకాల వైకల్యాలున్నాయి గానీ తల దెబ్బ పేరు విడిగా లేదు. నాకు సదరం సర్టిఫికెట్టూ లేదు. అయినా డాక్టరు చీటీ జతచేసి అర్జీ రాసిచ్చాను, ఫైల్లో ఉంది.

అసలు మార్పు లెసన్ ప్లాన్‌లో వచ్చింది. అది మాకు తనిఖీల సరుకు. డిప్యూటీ ఈఓ వస్తున్నారంటే స్టాఫ్‌రూములో కూర్చుని ఒకరి దాంట్లోంచి ఒకరం ఎక్కించేసేవాళ్లం. పుస్తకం ముట్టకుండా పాఠం చెప్తానని నాకు పేరు, ఆ పేరు మీద కాస్త పొగరూ. ఇప్పుడు రోజూ పోస్టుకార్డంత అట్టముక్క మీద రాసుకుంటాను. నిన్న ఎక్కడ ఆగాం, ఇవాళ ఏ స్టెప్పులు, లేపాల్సిన ఇద్దరు పిల్లల పేర్లు. ప్రతి స్టెప్పు పక్కనా ఎందుకో కూడా రాయాలి, లేకపోతే దారి తప్పినప్పుడు నేనే వెనక్కి రాలేను. ‘గుణిస్తే 6, కూడితే మైనస్ 5 రావాలి, అందుకని మైనస్ 2, మైనస్ 3.’ ఆ ‘ఎందుకు’ని బోర్డు మీదా కుడి పక్కన రాస్తున్నాను. ఇన్నేళ్లూ అది నా తలలో ఉండేది, అందరి తలల్లోనూ ఉందనుకునేదాన్ని. మూడో బెంచీ కుర్రాడొకడు ఎడమ పక్క లెక్క వదిలేసి కుడి పక్కదే ఎక్కించుకుంటాడు. రెండేళ్లు వాణ్ణి మొద్దు అన్నాను.

బీఈడీలో ఫినియాస్ గేజ్ గురించి చదివాం. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలు మార్గానికి బండలు పేలుస్తుంటే, మూడడుగుల పైచిలుకు ఇనప కడ్డీ చెంపలో దూరి నడినెత్తిన బయటికొచ్చిన మేస్త్రీ. బతికాడు గానీ మనిషి మారిపోయాడు, పాత కాంట్రాక్టర్లు పన్లోకి తీసుకోలేదు అన్న దగ్గర మా పాఠం అయిపోయేది. ఆ తర్వాత చిలీ దేశం వెళ్లి ఏళ్ల తరబడి గుర్రపు బగ్గీ తోలాడని మొన్నే చదివాను. తెలిసిన బాట, బండి బయల్దేరే వేళలు. అతనికి టైంటేబుల్ వేసిచ్చిన హెచ్‌ఎం ఎవరో!

జూన్‌లో బళ్లు తెరిచారు. హెచ్‌ఎం గారు మళ్లీ చార్టు ముందేసుకుని, “ఈ ఏడు ఏ పీరియడ్ దాకా వేయనమ్మా?” అన్నారు.

“నాలుగో దాకా వేయండి. నాలుగోది రివిజన్ పెట్టండి, కొత్త పాఠం వద్దు.”

పక్కనున్న సైన్స్ మేడమ్, “అయితే ఐదోది నాకే అన్నమాట” అంటూ తన డైరీలో రాసుకుంది.